రంగు కింద అతుకు

"తాళంచెవి ఇవ్వండి అత్తయ్యా."

"ఇవ్వను."

ఐదు రోజులుగా పొద్దున్నే ఇదే మాట, ఇదే జవాబు. దోంగ్ ముసలమ్మ, కింద పొయ్యి సెగతో వేడెక్కే ఇటుకల అరుగు మీద బాసింపట్టు వేసుకు కూర్చుని పులవబెట్టిన క్యాబేజీ తరుగుతోంది. సైకిలు తాళంచెవి ఆవిడ దూది కోటు లోపల, నడుముకి ఎర్ర తాడుతో కట్టి ఉంది. పడుకున్నప్పుడు కూడా విప్పడం లేదు.

వెన్‌ఫెన్ రెండు పంట్లాముల మీద మూడోది తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఈ మూడ్రోజులూ ఆలస్యంగానే వెళ్ళాను. బస్సు వస్తే నిండి వస్తుంది, లేకపోతే రాదు. ఇవాళ కూడా ఆలస్యమైతే మగ్గం వేరేవాళ్ళకి ఇచ్చేసి, నా చేతికి చీపురిస్తానని ఫోర్‌మన్ అందరి ముందూ చెప్పాడు."

"పుచ్చుకో. చీపురు పట్టే చేతుల్లో పిల్లల ఎముకలు విరగవు."

వెన్‌ఫెన్ కిటికీ వైపు చూసింది.

కిటికీ కింద షియామాన్ కూర్చుని అద్దం మీద పేరుకున్న మంచుని కుడిచేతి గోరుతో గీకుతోంది. నాలుగేళ్ళ పిల్ల. ఎడమ చెయ్యి అరచేతి నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది.

నది అవతలి ఒడ్డున నార మిల్లు ఉంది. వంతెన మీంచి వెళ్తే రెండు బస్సులు మారాలి. నది గడ్డకట్టాక సైకిలు మీద అడ్డంగా దాటితే నలభై నిమిషాలు. చలికాలమంతా సగం ఊరు అలాగే దాటుతుంది. వెన్‌ఫెన్ దాటడం ఇది ఏడో చలికాలం. టైర్లలో సగం గాలి తీసెయ్యాలి, కాళ్ళు నేలకి అందేలా సీటు దించుకోవాలి, వాలులో బ్రేకు జోలికి పోకూడదు. ఇవేవీ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజు కూడా ముందు కడ్డీ మీది బుల్లి సీటులో పిల్లని కూర్చోబెట్టి, మిల్లు శిశు విహారానికని బయల్దేరింది. రేవు వాలు సగం దిగేసరికి హ్యాండిలు చేతిలో వదులైపోయింది. అంతే, పిల్ల ముందుకి ఎగిరి మంచుగడ్డ మీద పడింది.

"నేను బ్రేకు పట్టలేదు," అంది వెన్‌ఫెన్. ఎన్నోసారో లెక్కలేదు.

"మరి సైకిలు దానంతటదే మోకాళ్ళ మీద కూలబడిందా, దేవుడికి దణ్ణం పెట్టుకోడానికి?"

"చెంగ్‌లిన్, నువ్వైనా ఒక్క మాట చెప్పు."

చెంగ్‌లిన్ కొర్ర జావ గిన్నెలోంచి తలెత్తలేదు. బాయిలర్ల కర్మాగారంలో వెల్డింగు చేస్తాడు. పదిమందిలో మంచివాడని పేరు. పెళ్ళాం గట్టిగా మాట్లాడినా, తల్లి గట్టిగా మాట్లాడినా అతను చేసే పని ఒక్కటే, గిన్నెలోకి చూడటం.

"ఈ చలికాలానికి బస్సులోనే సర్దుకోవచ్చుగా," అన్నాడు గిన్నెతో.

"చూశావా, వాడే అంటున్నాడు," అంది ముసలమ్మ. "ఆదివారం మీ వదిన చెంగ్‌ఫాంగ్ వస్తోంది. పిల్లని తీసుకెళ్తుంది. ఆ చెయ్యి అతుక్కునేదాకా అది వాళ్ళ ఊళ్ళోనే ఉంటుంది."

"నా పిల్ల నా దగ్గరే ఉంటుంది."

"నీ దగ్గరుంటే ఏమవుతుందో కళ్ళారా చూశాంగా!"

వెన్‌ఫెన్ వాకిట్లోకి వెళ్ళి, బొగ్గుల కొట్టం తలుపు కాలితో తన్నింది. సైకిలు అక్కడే ఉంది, వెనక చక్రానికి తాళంతో. ఎడం చేత్తో హ్యాండిలు పట్టుకుంది. కుడిచేత్తో క్యారియర్ కింద పట్టు దొరికించుకుని వెనక చక్రాన్ని గాల్లోకి లేపింది.

"అయ్యో, పట్టుకుపోతోంది! చెంగ్‌లిన్, నీ పెళ్ళాం తాళంతో సహా పట్టుకుపోతోంది!"

లోపల్నించి గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా కాలేదు.

*

సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీల కింద, ఇనుము పట్టుకుంటే చేతితొడుగులోంచి కూడా కొరుకుతుంది. నాలుగడుగులకోసారి ఆగి చెయ్యి మార్చుకుంటూ ఆమె కూడలి దాకా నడిచింది. వీధి పొడుగునా తమ తమ కార్యాలయాల ముందు జనం గునపాలతో మంచుగడ్డ పగలగొడుతున్నారు.

"ఏం మిల్లు పిల్లా, పొద్దున్నే ఎవరి సైకిలు కొట్టుకొచ్చావు?"

"నాదే! పక్కకి జరుగు, లేకపోతే నీ కాలి మీద పెడతా!"

నవ్వబోయిన వాడు ఆమె మొహం చూసి జరిగాడు.

చియావ్ పిన్ని కూడలి మూల, రేకుల గదిలో చిన్న పొయ్యి పక్కన కూర్చుని పంక్చరు వేస్తోంది. మొగుడు పోయాక అతని పనిముట్లు తీసుకుని అతని పీట మీదే కూర్చుంది. ఇరవై చలికాలాలు అయింది.

"తాళం కోసెయ్యి పిన్నీ."

"చెవి పోయిందా?"

"పోలేదు. మా అత్తగారి నడుముకుంది."

చియావ్ పిన్ని రంపం తీసింది. తాళం తెగాక, అలవాటు కొద్దీ ముందు చక్రం మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిలు అటూ ఇటూ తిప్పింది. తిప్పి, ఆగింది.

"ఆ రోజు రేవులో పడింది నువ్వేనటగా. ఎలా పడ్డావు? పక్కకా, ముందుకా?"

"ముందుకి. పిల్ల హ్యాండిలు దాటి పడింది."

"బ్రేకు పట్టావా?"

"లేదు పిన్నీ! ఎవరూ నమ్మరేం?"

"నమ్మకపోడానికి నేనేం మీ అత్తనా? గడ్డ మీద బ్రేకు పట్టినవాళ్ళు పక్కకి పడతారు. చక్రం జారుతుంది, తుంటి విరుగుతుంది. రోజుకి పదిమందిని చూస్తా. ముందుకి బొక్కబోర్లా పడ్డావంటే అది జారడం కాదు. ఇలా రా, వెలుతురుకి అడ్డం నిలబడకు."

స్క్రూడ్రైవరుతో, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీద గీకింది. నల్ల రంగు పెచ్చులుగా రాలింది. కింద వెండిలా మెరిసే అతుకు బయటపడింది, దాని మధ్యలో జుట్టులా సన్నటి పగులు. పిన్ని బొటనవేలితో నొక్కితే ఆ పగులు నోరు తెరిచింది.

"ఇక్కడ ముందే ఒకసారి విరిగింది. ఎవరో అతికి రంగేశారు. మళ్ళీ తెగింది. పిల్ల బరువుతో వాలులో దిగితే తెగక ఏమవుతుంది?"

వెన్‌ఫెన్ వంగి చూసింది.

చేప పొలుసుల్లా చిన్న చిన్న వంపులు, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఎడమ వైపుకి ఒరిగి ఉన్నాయి. ఎడంచేతి వాటం వాడి పని అది. ఇంట్లో పొయ్యి గొట్టం మీద అవే వంపులు. నీళ్ళ బకెట్టు అడుగున అవే. తన భోజనం డబ్బా పిడి ఊడిపోతే పెళ్ళయిన కొత్తలో చెంగ్‌లిన్ అతికి ఇచ్చాడు, దాని మీదా అవే.

"ఎప్పుడు అతికారో తెలుస్తుందా?" అంది వెన్‌ఫెన్.

"లోపల తుప్పు లేదు. ఈ చలికాలమే. నవంబరు అనుకో." పిన్ని ఫోర్కుని తిప్పి చూసింది. "చెయ్యి తిరిగినవాడే. కానీ ఇది పల్చటి గొట్టం, అతికినా నిలవదు. ఆ సంగతి వాడికీ తెలిసే ఉండాలి."

నది అవతల మిల్లు కూత వినిపించింది. నాలుగో ఆలస్యం. వెన్‌ఫెన్ అటు తిరిగి చూడలేదు.

"పాత ఫోర్కు ఏదైనా ఉంటే వెయ్యి పిన్నీ. విరిగింది మాత్రం నాకియ్యి."

*

బాయిలర్ల కర్మాగారం రేవుకి ఆనుకునే ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా వెన్‌ఫెన్ గేటు బయట కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ నిలబడింది. మఫ్లరు మీద ఊపిరి గడ్డకట్టి తెల్లబడింది.

చెంగ్‌లిన్ ఇద్దరు తోటి పనివాళ్ళతో బయటికొచ్చాడు. ఆమెని చూశాడు. ఆమె చేతిలో ఉన్నది కూడా చూశాడు. నడక ఆగిపోయింది.

"ఇది ఎవరి చేతిపని?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం వెన్‌ఫెన్."

"ఇంట్లో ఐదు రోజులున్నావు. ఒక్క మాటైనా మాట్లాడావా? మీ అమ్మ నన్ను పిల్లల్ని విరిచేదాన్నంటే జావ తాగావు. నిన్న డాక్టరు 'తల్లి జాగ్రత్తగా ఉండాలమ్మా' అంటే తల ఊపావు. నా పక్కనే నిలబడి, తల ఊపావు!"

తోటివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని గోడ పక్కకి తప్పుకున్నారు. వెళ్ళిపోలేదు.

"ఎవరిదీ అతుకు?"

"నాదే."

"ఎప్పుడు?"

"నవంబర్లో. నీకు జ్వరం వచ్చిన ఆదివారం. అమ్మని వెనక ఎక్కించుకుని అక్క వాళ్ళ ఊరెళ్ళా. తిరిగొచ్చేటప్పుడు కొత్త మంచు, గుంట కనపళ్ళేదు. ఇద్దరం పడ్డాం. ఫోర్కు విరిగింది."

"విరిగితే చెప్పడానికేం? సైకిలు విరిగిందని నిన్ను కొడతానా?"

"అమ్మ చెప్పొద్దంది."

"ఎందుకు?"

అతను బూట్ల వైపు చూశాడు. ఇక్కడ గిన్నె లేదు మరి.

"ఎందుకెళ్ళారని నువ్వడుగుతావని."

"ఇప్పుడడుగుతున్నా. ఎందుకెళ్ళారు?"

గేటులోంచి వచ్చేవాళ్ళు వాళ్ళిద్దరినీ చుట్టి వెళ్తున్నారు. ఎదురుగా గోడ మీద, ఇంటికి ఒక్క బిడ్డే చాలని సర్కారు రాయించిన ఎర్ర అక్షరాల మీద మంచు పడి సగమే కనిపిస్తున్నాయి.

"అక్కకి పిల్లల్లేరుగా," అన్నాడు చివరికి. "బావ ఊరి కార్యాలయంలో పనిచేస్తాడు. షియామాన్ పేరు సర్కారు లెక్కలో మన ఇంటి పుస్తకంలోంచి వాళ్ళ ఇంటి పుస్తకంలోకి మార్పించగలనన్నాడు. అలా అయితే మనకి ఇంకొకళ్ళని కనడానికి..."

"ఇంకొకళ్ళు కాదు. మగపిల్లాడు. నోరు తిరగడం లేదా?"

"నాన్న సమాధి దగ్గర కాగితాలు కాల్చి కర్మ చేసే మనవడు ఉండడని అమ్మ ఏడుస్తుంది. రోజూ ఏడుస్తుంది. నేనేం చెయ్యను వెన్‌ఫెన్?"

"నువ్వేం చేశావో నన్నడుగు, చెప్తా. విరిగిన సైకిలు మీద నీ కూతుర్ని పంపించావు. నిలవదని తెలిసి పంపించావు. అది పడ్డాక, తప్పు నా నెత్తిన పెట్టి ఊరుకున్నావు. ఊరుకోవడమే కాదు, అది మీ ఇద్దరికీ కలిసొచ్చింది!"

ఫోర్కుని అతని కాళ్ళ ముందు విసిరికొట్టింది. గడ్డకట్టిన నేల మీద ఇనుము ఖంగుమంది.

"ఆదివారం మీ అక్కని రానీ. గుమ్మం ఎలా దాటుతుందో చూస్తా."

చెంగ్‌లిన్ ఆమె వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఏంటి?"

"ఆదివారం కాదు." పెదాలు మాత్రమే కదిలాయి. "ఇవాళే. నువ్వు మిల్లులో ఉంటావని."

*

రేవు మీంచి చూస్తే నది తెల్లటి మైదానంలా ఉంది. మధ్యలో లారీలూ సైకిళ్ళూ నలగ్గొట్టిన దారి, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ దారి మీద ఒంటిగుర్రం బండి, చక్రాల్లేనిది, మంచు మీద జారేది, అవతలి ఒడ్డుకేసి పోతోంది. దాంట్లో ఎర్ర పూల దుప్పటి మూట.

ఆ దుప్పటి తనది. పెళ్ళికి అమ్మ కుట్టించి ఇచ్చింది.

వెన్‌ఫెన్ వాలులోకి సైకిలు వదిలింది. కోపంతో తొక్కకూడదని తెలుసు. గడ్డ మీద తొక్కాలంటే చేతులు మెత్తగా ఉండాలి, ఒళ్ళు నిటారుగా ఉండాలి, చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల అవతల ఉండాలి. ఆ పది గజాల అవతల ఎర్ర దుప్పటి తప్ప ఆమెకి ఇంకేం కనిపించలేదు. రెండుసార్లు వెనక చక్రం పక్కకి లాగింది. రెండుసార్లూ కాలు నేలకి ఆనించి నిలదొక్కుకుంది. ఎదురుగా వస్తున్న సైకిళ్ళవాళ్ళు "మెల్లిగా, పిచ్చిదానా!" అని అరుస్తూ తప్పుకున్నారు.

బండిని దాటి ముందుకెళ్ళి, రెండు కాళ్ళూ నేలకేసి రాసుకుంటూ ఆగింది. గుర్రం బెదిరి తల ఎగరేసింది.

"హో, హో! ఎవరది... మరదలా!"

చెంగ్‌ఫాంగ్ కళ్ళాలు వదిలేసి దిగింది. గాలికి మొహం పగిలిన, పెద్ద చేతుల మనిషి. పోట్లాటకి గొంతు సవరించుకున్న వెన్‌ఫెన్‌ని ఆమె వచ్చి రెండు చేతులా పట్టుకుంది.

"చెప్పి పోదామంటే అమ్మే వద్దంది, చూస్తే నువ్వు తట్టుకోలేవంది. నాకూ మనసొప్పలేదు. ఎంత పెద్ద మనసు నీది, వెన్‌ఫెన్! ఏ ఆడదిస్తుంది ఇలా? నీ ఋణం ఈ జన్మలో తీరదు."

వెన్‌ఫెన్‌కి అర్థం కాలేదు. 

"నేనేం ఇచ్చాను?"

"అదేంటి? కాగితం మీద నీ ముద్ర ఉందిగా."

చెంగ్‌ఫాంగ్ కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి విప్పింది. చేతిలోంచి వదలకుండా చూపించింది. పిల్లని అక్కకి దత్తు ఇస్తున్నట్టు ఉంది, రాత చెంగ్‌లిన్‌ది. కింద ఎర్రగా, చతురస్రంగా, తన పేరు, గు వెన్‌ఫెన్ అన్న మూడక్షరాలు. మిల్లులో జీతం పుచ్చుకునేటప్పుడు వేసే ముద్ర. సొరుగులో, షియామాన్ పుట్టినప్పుడు కత్తిరించిన జుట్టు పొట్లం పక్కన ఉంటుంది అది.

"ఇది నేను వెయ్యలేదు."

"ఏమంటున్నావు?"

"నేను వెయ్యలేదు వదినా. పిల్ల మీ ఊరు వెళ్తుందంటే, చెయ్యి అతుక్కునేదాకా అన్నారు. అదీ ఆదివారం అన్నారు. ఈ సంగతి నాకు తెలిసి గంట కాలేదు."

చెంగ్‌ఫాంగ్ మొహం మీద నవ్వు ఒక్కసారిగా పోలేదు. అది మెల్లగా, నమ్మలేక నమ్మలేక జారిపోయింది.

"దానికోసం గది వేయించాను," అంది. "కిటికీకి కొత్త కాగితం అంటించాను. మా ఆయన చిన్న కుర్చీ చేశాడు." అంతలోనే గొంతు పెరిగింది. "నన్ను దొంగని చేశారు! నా తల్లీ, నా తమ్ముడూ కలిసి నా చేత పిల్లని ఎత్తుకుపోయేలా చేశారు!"

దుప్పటి మూట కదిలింది. షియామాన్ ముక్కూ కళ్ళూ బయటికొచ్చాయి.

"అమ్మా."

"రా తల్లీ. వెళ్దాం." వెన్‌ఫెన్ చేతులు చాపింది.

పిల్ల సైకిలు వైపు చూసింది. మంచి చేత్తో మేనత్త కోటు అంచు పట్టుకుంది.

"నేను సైకిలెక్కను."

"ఏం?"

"నువ్వు మళ్ళీ పడేస్తావు. నాయనమ్మ చెప్పింది, అమ్మ బ్రేకు పట్టి పడేసిందని. ఇంకో చెయ్యి కూడా విరుగుతుందంట."

గాలి నది పొడుగునా కోస్తోంది. వెన్‌ఫెన్ చాపిన చేతులు అలాగే ఉన్నాయి. ఒక్క మాట చాలు. 'మీ నాన్న వల్లే' అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

వెనక బూట్లు జారుతున్న చప్పుడు, రొప్పు. చెంగ్‌లిన్ రేవు దగ్గర్నించి పరిగెత్తుకొచ్చాడు. టోపీ ఎక్కడో పడిపోయింది, చెవులు తెల్లగా పాలిపోయాయి.

"నాన్నా!"

"దానికి చెప్పు," అంది వెన్‌ఫెన్. అరవలేదు. ఐదు రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు కిందికి దిగింది, అందుకే అతను బెదిరాడు. "నేను చెప్పను. నీ కూతురికి నువ్వే చెప్పు."

అతను అక్క వైపు చూశాడు. అక్క ఆ కాగితాన్ని అతని కళ్ళ ముందు ఆడించింది. "చెప్పరా. నాక్కూడా చెప్పు."

చెంగ్‌లిన్ బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"షియామాన్, అమ్మ బ్రేకు పట్టలేదమ్మా. సైకిలు ముందే విరిగుంది. నాన్న విరగ్గొట్టాడు. అతికి, రంగేసి పెట్టాడు."

పిల్ల ఆలోచించింది.

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

చెంగ్‌లిన్ తల వంచి దుప్పటి అంచు సర్దాడు.

వెన్‌ఫెన్ పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుంది. ఈసారి పిల్ల మేనత్త కోటు వదిలేసింది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో సైకిలు హ్యాండిలు. రెండడుగులు వేసేసరికి కాలు జారింది. సైకిలుని వదిలేసింది. అది గడ్డ మీద పక్కకి ఒరిగింది. ముందు చక్రం కాసేపు తిరిగి ఆగింది.

"ఇల్లు ఇటు," అన్నాడు చెంగ్‌లిన్.

ఆమె మిల్లు ఒడ్డుకేసి నడుస్తోంది. అక్కడ ఆడవాళ్ళ వసతిగది ఉంది, మగ్గం దగ్గర పక్కనే నిలబడే స్నేహితురాలి మంచం ఉంది. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించుకోలేదు.

"వెన్‌ఫెన్! ఇల్లు ఇటు!"

వెనక కళ్ళాలు కొట్టిన చప్పుడైంది. గుర్రబ్బండి వచ్చి ఆమె పక్కన మెల్లగా నడిచింది.

"ఎక్కండి," అంది చెంగ్‌ఫాంగ్, ముందుకే చూస్తూ. "పిల్లనెత్తుకుని ఆ ఒడ్డు దాకా ఎక్కడ నడుస్తావు? మిల్లు గేటు దగ్గర దింపుతా. ఒట్టు."

వెన్‌ఫెన్ ఆగింది. పిల్ల బరువుకి భుజం లాగుతోంది. మిల్లు గేటు ఆ దారిలోనే ఉంది. చెంగ్‌ఫాంగ్ వాళ్ళ ఊరూ ఆ దారిలోనే ఉంది.

"ముందు ఆ కాగితం ఇవ్వండి వదినా."

చెంగ్‌ఫాంగ్ కాగితాన్ని మళ్ళీ ఎప్పుడు మడిచి జేబులో పెట్టుకుందో ఎవరూ చూడలేదు. పెద్ద చేతులు రెండూ కళ్ళాల మీదే ఉన్నాయి. జేబు వైపు కదల్లేదు.